ప్రజల బెంచీ మీద పెద్దమ్మ

ఆ వీధిలో ఆవిడ ఎవరికీ సొంత పెద్దమ్మ కాదు. అయినా చిన్నా పెద్దా అందరూ పెద్దమ్మా అనే పిలుస్తారు. పాలు పోసే ఆయనకి ఆవిడ కన్నా వయసు ఎక్కువే ఉంటుంది, ఆయనా అంతే. మనిషి చూడబోతే గట్టిగా ఊదితే ఎగిరిపోయేలా ఉంటుంది. మాటా అంతే, పక్కన కూర్చున్నవాళ్ళకి తప్ప ఆ పక్కవాళ్ళకి చేరదు. "మా ఇంట్లో ఇద్దరి మాటలూ నా వాటాకే వచ్చాయి" అని ఆవిడ భర్త ఊరంతా చెప్పుకుని నవ్వేవాడు.

ఆయన ఊరి నీళ్ళ ట్యాంకు దగ్గర పంపు ఆపరేటరుగా చేసేవాడు. పంపాయన అంటే తెలియనివాళ్ళు లేరు. పోయిన ఏడాది, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా, నిద్రలోనే వెళ్ళిపోయాడు.

అప్పటినుంచి పెద్దమ్మకి మధ్యాహ్నాలు గడవడం కష్టమైపోయింది. ఆ వేళకే ఆయన భోజనానికి వచ్చేవాడు. గేటు కిర్రుమనేది, ఈవిడ కంచం పెట్టేది. ఇప్పుడు ఎవరు గేటు తీసినా ఆవిడ చేతిలో గరిట ఆగిపోయేది. కోడలు గమనించి, మొగుడికి చెప్పి గేటుకి నూనె వేయించింది. ఆ తరవాత గేటు చప్పుడు చేయడం మానేసింది. అది ఇంకా అన్యాయంగా ఉందనిపించింది పెద్దమ్మకి. కానీ పాపం, మంచికే చేసింది కదా అని కిమ్మనలేదు. ఆ వేళకి ఏదో ఒక పని పెట్టుకుని బయటికి పోవడం అలవాటు చేసుకుంది.

సాయంత్రాలు మాత్రం వేరు. వాళ్ళ పెరటి గోడ అవతల ట్యాంకు స్థలం ఉంది. నడుం మీద చేతులేసుకుని నిలబడ్డ మనిషిలా ట్యాంకు, దాని కాళ్ళ దగ్గర పాత గొట్టాలు, చుట్టూ ఖాళీ నేల. ట్యాంకు నిండి పొర్లిన నీళ్ళని వృథా కానివ్వకుండా పంపాయన కాలువలు తీసి పచ్చగడ్డి, నాలుగు నీడ చెట్లు పెంచాడు. వీధిలో ఉతికిన బట్టలన్నీ అక్కడే ఆరతాయి. సైకిలు నేర్చుకునే పిల్లలంతా అక్కడే పడతారు. పొద్దు వాలగానే ఆడవాళ్ళందరూ గొట్టాల మీద చేరతారు. ఎవరో ఒకరు పంపాయన ఊసు ఎత్తుతారు. వాల్వు తిప్పి కునుకు తీసి స్థలమంతా చెరువు చేసి, ఎవరైనా అడిగితే "గడ్డికి తలంటు పోస్తున్నా" అన్నాడనీ, ఆడవాళ్ళు కొట్లాడుకుంటుంటే మధ్యలో పంపు ఆన్ చేసి ఎవరి మాటా ఎవరికీ వినపడకుండా చేశాడనీ.

ఇంట్లో ఆయన పేరెత్తితే కొడుకు తల దించుకుంటాడు, కోడలు వంటింట్లోకి తప్పుకుంటుంది. ఇక్కడ ఆయన పేరెత్తితే అందరూ పడీ పడీ నవ్వుతారు. పెద్దమ్మ ఏమీ మాట్లాడదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వింటుంది. విని ఇంటికి పోయాక నాలుగు ముద్దలు తింటుంది. అక్కడికి వెళ్ళని రోజు ఆ నాలుగూ దిగవు.

కొళాయి కనెక్షను ఆయన పేరు మీద నుంచి తన పేరు మీదికి మార్పించుకోవడానికి పెద్దమ్మ మొదటిసారి మున్సిపల్ ఆఫీసు మెట్లెక్కింది. "గుమాస్తాగారు మీటింగులో ఉన్నారు, హాల్లో కూర్చో పెద్దమ్మా" అన్నాడు అటెండరు.

పొడుగాటి హాలు. మధ్యలో పెద్ద బల్ల, చుట్టూ కౌన్సిలర్లు. వెనక గోడకి ఆనించి ఒక బెంచీ, దాని వీపు మీద తెల్ల రంగుతో 'ప్రజలు' అని రాసి ఉంది. బెంచీకి సరిగ్గా పైన ఫ్యాను. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. పెద్దమ్మ అమ్మయ్యా అనుకుని కూలబడింది.

బల్ల దగ్గర ఛైర్మన్ జోరు మీద ఉన్నాడు. "మొదటి అంశం, చదివినట్టే. రెండోది, చదివినట్టే. మూడోది..."

గుమాస్తా దగ్గాడు. బక్కపల్చటి మనిషే గాని గొంతు మాత్రం గంటలా ఉంటుంది. "అయ్యా, ఇవాళ అలా అనకూడదండీ."

"ఏం?"

"ఎవరూ రాకపోతేనే చదివినట్టే అనుకోవచ్చండీ. ప్రజలు వస్తే ప్రతిదీ చదివి వినిపించాలి. రూలు."

"ప్రజలెక్కడున్నారయ్యా?"

"అదిగోనండీ, వచ్చారు."

బల్ల చుట్టూ ఉన్న తలలన్నీ ఒక్కసారి వెనక్కి తిరిగాయి. ఎవరొచ్చారా అని పెద్దమ్మ కూడా వెనక్కి తిరిగి చూసింది. వెనక గోడ తప్ప ఏమీ లేదు.

ఇక గుమాస్తా లేచి నిలబడ్డాడు. ఎన్నాళ్ళుగా ఎదురు చూస్తున్నాడో ఏమో, కండువా సర్దుకుని, మురుగుకాలువ మీద పగిలిన పలక సంగతి రాజుగారి కొలువులో విన్నపం చేసినట్టు చదివాడు. పెద్దమ్మకి ముచ్చటేసింది. వీధి దీపాల సంగతి వచ్చేసరికి గుండీలు లేని చొక్కాలా ఊరు చీకట్లో ఎలా ఉంటుందో కళ్ళకి కట్టింది.

మధ్యలో గుమాస్తా కొళాయి కాగితం మీద ముద్ర వేసి ఆవిడ చేతికిచ్చాడు. "టీ తాగి వెళ్ళమ్మా, పని అయిపోయిందిగా" అన్నాడు ఛైర్మన్, కాస్త ఆశగా.

"ఎండ తగ్గాక వెళ్తాను బాబూ" అంది పెద్దమ్మ.

ఆ మీటింగు ప్రతి బుధవారం, మధ్యాహ్నం భోజనాల వేళకే. సరిగ్గా ఆవిడ ఇంట్లో ఉండలేని వేళ. తరవాతి బుధవారం ఆవిడ సంచీ సర్దుకుంటుంటే, కుట్టుమిషను మీద వంగిన కోడలు తలెత్తింది.

"ఎక్కడికి అత్తయ్యా?"

"కౌన్సిల్‌కి."

"అమ్మో! ఏ పార్టీ తరఫున?"

"నువ్వు కుట్టిన చొక్కాల తరఫున. గుండీలు అక్కడ కుట్టుకొస్తాను. ఫ్యాను బాగుంటుంది."

కోడలు మిషను ఆపి మరీ నవ్వింది. నవ్వి, బడి చొక్కాలు ఇంకో పది సంచీలో కుక్కింది. "పోతే పోయావు గాని, అక్కడ ఏం చదివారో వచ్చి చెప్పాలి. నాకిక్కడ మిషను చప్పుడు తప్ప ఇంకేం కాలక్షేపం?"

అలా కుదిరింది. బుధవారం వచ్చిందంటే పెద్దమ్మ ప్రజల బెంచీ మీద గుండీలు కుట్టేది, గుమాస్తా చదివేవాడు. సాయంత్రం కోడలికి అప్పచెప్పేది. కౌన్సిలర్లు మొదట మొహాలు మాడ్చుకున్నారు. తరవాత్తరవాత వాళ్ళకీ అలవాటైంది. ఒకాయన తన చొక్కా గుండీ ఊడిందని సిగ్గుపడుతూ వచ్చి కుట్టించుకున్నాడు. ఇంకొకాయన ఉన్నాడు, ఒకప్పుడు బస్సు కండక్టరు, ఇప్పుడు కౌన్సిలరు. కూర్చోగానే నిద్రపోతాడు. కానీ ఎన్నో ఏళ్ళు బస్సులో కునుకు తీసిన అలవాటు కదా, ఊళ్ళో ఏదైనా చోటు పేరు వినపడితే చాలు, స్టాపు వచ్చినట్టు చటుక్కున కళ్ళు తెరుస్తాడు. 'పాత మార్కెట్టు' అంటే లేస్తాడు, 'వంతెన వీధి' అంటే లేస్తాడు. పని ఏదో విని, చెయ్యెత్తి, మళ్ళీ పడుకుంటాడు.

బెంచీ పక్కన గోడకి ఒక పలక వేలాడుతుండేది. సభలో ప్రజలు మాట్లాడరాదు అనీ, చదివినది వినపడకపోతే మాత్రం వినపడలేదని చెప్పవచ్చు, అప్పుడు మొదటినుంచి చివరిదాకా మళ్ళీ చదవాలి అనీ దాని మీద ఉంది. పెద్దమ్మ కూడబలుక్కుంటూ చదువుకుంది. దాంతో తనకి పని పడుతుందని అనుకోలేదు. ఆ గుమాస్తా గొంతు వినపడకపోవడమేమిటి?

ఒక బుధవారం, అన్నీ అయిపోయాక, ఛైర్మన్ చెయ్యి చాపాడు. "ఆఖరిది ఇలా ఇవ్వు. నేను చదువుతాను."

గుమాస్తా ఆశ్చర్యపోయాడు. "మీరాండీ?"

"ఏం, నాకు చదువు రాదా?"

ఛైర్మన్ చదివాడు. వేడి టీ ఒక్క గుక్కలో మింగినట్టు చదివాడు. సర్వే నంబరట, ఖాళీ నేలట, అభివృద్ధి నిమిత్తమట, ఒక సంస్థకి అమ్మకమట. మాటలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి ఫ్యాను రెక్కల్లో చిక్కుకున్నాయి. కండక్టరు కౌన్సిలరు హాయిగా గురక పెడుతున్నాడు. కొన్ని చేతులు అప్పుడే లేవబోతున్నాయి.

పెద్దమ్మ చేతిలో సూది ఆగింది. సాయంత్రం కోడలు అడిగితే ఏం చెప్పాలి? ఆఖరిది ఏమో అర్థం కాలేదే అమ్మాయ్ అంటే ఊరుకుంటుందా? పలక వంక చూసింది. గొంతు సవరించుకుంది.

"వినపడలేదు బాబూ."

ఆ బెంచీ మీద నుంచి చదువుకి అడ్డంగా మాట రావడం అదే మొదటిసారి. ఛైర్మన్ ముఖం కందగడ్డలా అయింది. ఏం చేస్తాడు, మళ్ళీ చదివాడు. ఈసారి ఇంకా వేగంగా.

"వినపడలేదు బాబూ" అంది పెద్దమ్మ, ఏడవబోతున్నట్టు. ఆవిడకి నిజంగానే వినపడలేదు.

మూడోసారికి ఛైర్మన్‌కి ఆయాసం వచ్చింది. మంచినీళ్ళు తాగాడు. గుమాస్తా వినయంగా లేచాడు. "అయ్యా, ఆవిడ చెవికి నా గొంతు అలవాటండీ. ఇలా ఇప్పించండి" అని ఛైర్మన్ చేతిలోంచి కాగితం తీసేసుకున్నాడు. మొదటినుంచి చివరిదాకా అంది కదా రూలు. ఛైర్మన్ మింగేసిన హద్దులతో సహా చదివాడు. "తూర్పున రోడ్డు. పడమట పంపుషెడ్డు. ఉత్తరాన నీళ్ళ ట్యాంకు. దక్షిణాన వరసగా ఉన్న ఇళ్ళ పెరటి గోడలు!"

సూది పెద్దమ్మ వేలికి గుచ్చుకుంది. ఆ పెరటి గోడల్లో ఒకటి తనది. ఆ గోడకవతల గొట్టాలు, గొట్టాల మీద ఆడవాళ్ళు, ఆ నవ్వులు. లేచి అరవాలనిపించింది. ప్రజలు మాట్లాడరాదు అని పలక చెబుతోంది. ఆవిడకి అనుమతి ఉన్న మాట ఒక్కటే. అదే అంది, ఈసారి నిలబడి.

"వినపడలేదు!"

తనకి వినపడింది. వినాల్సినవాళ్ళు ఇంకా ఉన్నారని ఆవిడ ఉద్దేశం. గుమాస్తాకి ఆ ముఖం చూడగానే అర్థమైంది. ఛాతీ నిండా గాలి పీల్చి, కిటికీలు అదిరేలా, "ఉత్తరాన... నీళ్ళ ట్యాంకూ!" అన్నాడు.

కండక్టరు దిగ్గున లేచాడు. "ట్యాంకు స్టాపు! ఎవరు దిగాలి?"

హాలు గొల్లుమంది. ఆయన కళ్ళు నులుముకుని, "ఏ ట్యాంకు? మా వార్డు ట్యాంకా? దాన్నేం చేస్తున్నారు?" అన్నాడు. సంగతి విని బల్ల మీద చరిచాడు. "ఛైర్మన్‌గారూ, ఎక్కేవాళ్ళు ఎక్కకముందే రైట్ రైట్ అనేస్తున్నారే మీరు!"

"ఖాళీ నేలే కదా" అన్నాడు ఛైర్మన్.

"మీరెప్పుడైనా సాయంత్రం అటు వచ్చారా? నిలబడ్డానికి చోటుండదు!"

గుమాస్తా నెమ్మదిగా అందుకున్నాడు. ప్రజల నేల అమ్మాలంటే ఆ నేల మీదే, జనం ముందు సభ పెట్టి అడగాలండీ, అదీ రూలే. మిగతా కౌన్సిలర్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని తలూపారు. సభ వచ్చే బుధవారం ట్యాంకు స్థలంలోనే అని తేల్చారు.

ఆ సాయంత్రం పెద్దమ్మ ఇంటికి పరుగులాంటి నడకతో వచ్చింది. విన్న కోడలి చేతిలోంచి కత్తెర జారింది. "మన స్థలమా? మావయ్య స్థలమా?"

"పైకి మాత్రం ఊరిదే."

"ఊరిదైతే ఊరికి చెప్పొస్తాను" అని కోడలు చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా బయటికి పోయింది. ఆవిడ నోట్లో పడ్డ కబురు ఎక్కడా ఆగదు. దీపాలు పెట్టేసరికి పాలాయనకి తెలిసింది. పాలాయనకి తెలిస్తే ఊరికి తెలిసినట్టే.

మరుసటి బుధవారం దాకా పెద్దమ్మకి కంటి మీద కునుకు లేదు. గొట్టాల దగ్గర ఎవరూ నవ్వడం లేదు. అందరూ ఛైర్మన్‌ని తిడుతున్నారు. పంపాయన ఊసే లేదు. అమ్మకముందే అమ్మేసినట్టుంది ఆవిడకి. అన్నం కంచంలోనే చల్లారిపోయేది.

సభ రోజు స్థలం కిటకిటలాడింది. అటెండరు కుర్చీలు వేశాడు. ఆరేసిన దుప్పట్లు తీయమంటే ఎవరూ తీయలేదు. కౌన్సిలర్లు వాటి నీడలోనే కూర్చున్నారు. గుమాస్తా అంతా చదివాడు. ఛైర్మన్ లేచి, రంగుల బొమ్మ ఒకటి ఎత్తి చూపించాడు. అద్దాల భవనం, ముందు నవ్వుతున్న మనుషులు. ఆయన మాత్రం ఏం చెడ్డవాడు కాదు. "మురుగుకాలువలు బాగు చెయ్యమని మీరే నా ప్రాణం తోడేస్తున్నారు. ఖజానా ఖాళీ. నేనెక్కణ్ణించి తేవాలి?" అన్నాడు. కొందరు అవునవునన్నారు కూడా.

"అమ్మేది ఎవరికండీ?" కోడలు అడిగింది.

"ఒక సంస్థకి."

"సంస్థకి పేరు లేదా? మా వీధి కుక్కకి కూడా పేరుందే!"

ఛైర్మన్ బొమ్మని ఇంకాస్త పైకెత్తాడు. గుమాస్తా చేతిలో ఉన్న కాగితం పైకీ కిందికీ చూసి, "పేరు రాయాల్సిన చోట ఖాళీ వదిలారండీ" అన్నాడు.

"పెళ్ళికొడుకు లేకుండానే పిల్లనిచ్చేశారన్నమాట!" అన్నాడు పాలాయన. నవ్వులు రేగాయి. నవ్వుల మధ్యే గొణుగుడూ పెరిగింది. ఛైర్మన్ బొమ్మని చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

"సరే. అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పండి. కారణం కూడా చెప్పాలి."

అందరూ ఒక్కసారే అరిచారు. ఎవరి మాటా రాసుకోవడానికి గుమాస్తాకి అందలేదు. "ఒక్కొక్కళ్ళు!" అన్నాడాయన. ఒక్కొక్కళ్ళు అనేసరికి అందరూ తగ్గారు. ఎవరో పెద్దమ్మని ముందుకి తోశారు. ఇంకెవరో ఇంకాస్త తోశారు. చూస్తే ఆవిడ బల్ల ముందు ఉంది.

ఛైర్మన్ ఆవిడని గుర్తు పట్టి నిట్టూర్చాడు. "చెప్పమ్మా. వినపడలేదంటావా?"

"ఇవాళ అన్నీ వినపడ్డాయి బాబూ." పెద్దమ్మ గొంతు సన్నగా ఉంది, జనం ఊపిరి బిగబట్టి వింటున్నారు. "అమ్మొద్దు."

"కారణం చెప్పండమ్మా, రాసుకుంటాను" అన్నాడు గుమాస్తా మెల్లగా.

పెద్దమ్మ నేల వంక చూసింది. కారణం అంటే ఏం చెప్పాలి? గాలీ వెలుతురూ అని చెప్పాలా, పిల్లల ఆటలని చెప్పాలా? అవన్నీ నిజమే, కానీ అవి ఇంకెవరైనా చెబుతారు.

"ఆయన పోయాక నాకు ఇంట్లో అన్నం సయించదు. సాయంత్రం ఇక్కడికొచ్చి కూర్చుంటే వీళ్ళంతా ఆయన చేసిన తిక్క పనులు చెప్పి నవ్విస్తారు. అప్పుడు పోయి తింటాను. ఇది కారణం కింద లెక్కకొస్తుందో రాదో నాకు తెలీదు. రాసుకోండి."

గుమాస్తా ఆ మాటలే రాసుకున్నాడు. తరవాత, "ఆయన అంటే ఎవరని రాయమంటారమ్మా?" అని అడిగాడు.

"పంపాయన అని రాయి బాబూ. ఇక్కడ ఎవరినడిగినా చెబుతారు."

కండక్టరు కౌన్సిలరు కళ్ళు తుడుచుకుని చెయ్యెత్తాడు. "నేను అమ్మకానికి ఒప్పుకోను." పక్కనాయన ఎత్తాడు, చొక్కా గుండీ కుట్టించుకున్నాయన ఎత్తాడు. ఒక్కొక్క చెయ్యే లేస్తుంటే దుప్పట్ల వెనక నుంచి పిల్లలు కూడా ఎత్తేశారు. వాళ్ళని దింపించడానికి అటెండరుకి తలప్రాణం తోకకొచ్చింది. లెక్క చూస్తే అమ్మకం పక్షాన ఛైర్మన్ ఒక్కడే మిగిలాడు. ఆయన చుట్టూ చూసి, చుట్టేసిన బొమ్మతో మోకాలి మీద కొట్టుకున్నాడు.

"సరే, రద్దు! కానీ అభివృద్ధి అని రాశాం కదా, ఏదో ఒకటి చెయ్యనివ్వండి నన్ను."

"దీపం వేయించండి" అన్నారు ఆడవాళ్ళు. "రెండు బెంచీలు. గొట్టాల మీద నడుములు పోతున్నాయి!"

"మరి కాలువల సంగతి?"

"ఆ సంగతి కూడా పై బుధవారం గట్టిగా చదవండి" అంది కోడలు. "అందరం కలిసి ఆలోచిద్దాం."

కుర్చీలు వెళ్ళిపోయాయి. ఎండ చల్లబడింది. ఆడవాళ్ళు గొట్టాల మీద కూలబడి, అయిపోయిన యుద్ధాన్ని మళ్ళీ మొదటినుంచి చెప్పుకున్నారు. ఛైర్మన్ నడకని కోడలు నడిచి చూపించింది. అంతా అయ్యాక కాస్త నిశ్శబ్దం వచ్చింది. అలాంటప్పుడే ఎవరో ఒకరు పంపాయన ఊసు ఎత్తుతారు. ఆ సాయంత్రం ఎత్తింది పెద్దమ్మ.

"మీకొకటి తెలీదు" అంది.

తలలన్నీ ఇటు తిరిగాయి. ఆవిడ చెప్పడం ఎప్పుడూ లేదు.

"ఆయనకి ఎత్తంటే భయం. కుర్చీ ఎక్కి బల్బు మార్చాలన్నా కళ్ళు తిరిగేవి."

"అదేంటి పెద్దమ్మా! పంపు ఆపరేటరుకి ఎత్తంటే భయమా? మరి ట్యాంకెక్కి రోజూ నీళ్ళెంతున్నాయో చూసిందెవరు?"

పెద్దమ్మ తలెత్తి ట్యాంకు వంక చూసింది. కాళ్ళ మధ్య నుంచి సన్నటి ఇనుప నిచ్చెన పైదాకా పోతోంది.

"ఇంకెవరు? నేనే."

కోడలు నోరు తెరిచింది. "అత్తయ్యా! నువ్వా? ఇన్నేళ్ళూనా?"

"ఎవరూ లేవకముందే ఎక్కి దిగేసేదాన్ని. ఆయన కింద నిచ్చెన పట్టుకుని నిలబడేవాడు. పట్టుకునేది నిచ్చెనేమో గాని, కళ్ళు మాత్రం మూసుకునేవాడు, నన్ను చూస్తే ఆయనకే కళ్ళు తిరుగుతాయని. ఒకరోజు సగం ఎక్కాక కింద ఎవరో వచ్చారు. ఈయన కంగారులో ఏమన్నాడో తెలుసా? మా ఆవిడకి కోపం వచ్చింది, ఎంత బతిమాలినా దిగడం లేదు అన్నాడు!"

గొట్టాల మీద ఉన్నవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. పెద్దమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరిచిపోయింది.

"ఆ వచ్చినవాడు మాత్రం తక్కువ తిన్నాడా?" అంది, ముందుకి జరిగి కూర్చుంటూ. "మెడ పైకెత్తి నన్నడిగాడూ..."